తెరమీఁది తెలుఁగు: ‘మాలపిల్ల’ మొదలు ‘దాసి’ వఱకు

తెలుఁగు చలనచిత్రముల చరిత్రము వ్రాయువారు తఱచుగా నటుల పేళ్లను, పాటల సంఖ్యను, విడుదల తేదులను జెప్పి విరమింతురు. తెరమీఁది పాత్ర యే భాష మాటాడినది, ఆ భాష యెవ్వరిది అను ప్రశ్న వారికిఁ దట్టుట యరుదు. పత్రికలలోను, పాఠ్యగ్రంథములలోను దశాబ్దములు నడచిన గ్రాంథిక వ్యావహారిక వాదము తెరమీఁద వేఱొక తీర్పును బొందినది.

1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలోఁ బ్రదర్శితమయిన హెచ్. ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ రంగస్థల నాటకమునకుఁ దెరరూపము. (ఇది 1931లో వచ్చినదని చిరకాలము చెప్పుకొనిరి; సెన్సారు ధ్రువపత్రము 1932 జనవరి 22 నాఁటిదని తేలిన పిమ్మట నా మాట నిలువలేదు.) తరువాతి పౌరాణిక చిత్రములు పెక్కు లా బాటనే నడచినవి. దీనికి భాషాభిమానము కంటె నటుల యలవాటే ముఖ్యకారణము కావచ్చును. నాటకసమాజముల నుండి వచ్చిన వారికిఁ బద్యమును, నాటకవచనమును నోట సిద్ధముగా నుండెను.

1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’ ఈ బాటను విడిచినది. కథ గుడిపాటి వెంకటచలముగారిది. మాటలు తాపీ ధర్మారావుగారివి. తాపీవారు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యులు. గురువు సభలలో వాదించినదానిని శిష్యుఁడు తెరమీఁద వినిపించెను. హరిజనుల యాలయప్రవేశము, బ్రాహ్మణయువకుఁడు మాలపిల్లను వలచుట, ఈ వస్తువు నాటకవచనములో నిముడదు. గోవిందరాజుల సుబ్బారావుగారు ధరించిన సుందరరామశాస్త్రి పురాణములలోని రాక్షసుఁడు కాఁడు. ఇరుగుపొరుగు పెద్దమనిషివలె మాటాడును; కావుననే యతని పట్టుదల ప్రేక్షకునకు మఱింత గ్రుచ్చుకొనును. కాని కథాంతము బలహీనము. ఒక హరిజనుఁడు మంటలలోఁ జొచ్చి శాస్త్రిభార్యను రక్షించినఁ గాని శాస్త్రి మనసు మాఱలేదు. గుడిలోఁ బ్రవేశించుటకు మనుష్యుఁడగుట చాలదా? సంస్కరణచిత్రము తన ప్రశ్నను దానే తప్పించుకొన్న చోటిది. మఱుచటి యేఁట నదే దర్శకుఁడు ‘రైతుబిడ్డ’లో జమీందారీని నేరుగా నెదిరించెను, ఆ చిత్రము నిషేధమునకు గుఱియయ్యెను.

అయినను ‘మాలపిల్ల’ తెచ్చిన వాడుకభాష శిష్టుల వాడుకభాష. తెలంగాణపు పల్లెభాష మాత్రము జనాదరణ పొందిన చిత్రములలోఁ బెక్కేండ్లు హాస్యగాని నోటనో, ప్రతినాయకుని నోటనో వినఁబడుచు వచ్చెను. 1980 మార్చిలో విడుదలయిన ‘మా భూమి’ దీనిని నాయకుని నోటఁ బెట్టెను. మూలము కిషన్ చందర్‌గారి ఉర్దూ నవల. దర్శకుఁడు గౌతమ్ ఘోష్ వంగీయుఁడు, అది యాయన తొలి కథాచిత్రము. నిర్మాతలలో నొకరగు బి. నర్సింగరావుగారు తెలంగాణమువారు. దొర, గడీ, వెట్టి అను మాటలు నిఘంటువు నుండి గాక యనుభవము నుండి పలికినట్లు వినఁబడుటయే యీ చిత్రమున కున్న బలము. 1946 మొదలు 1951 వఱకు నడచిన రైతుపోరాటము వేఱు భాషలో నింత నమ్మిక పుట్టింపదు.

నర్సింగరావుగారే దర్శకులయి తీసిన ‘దాసి’ (1988) మఱియొక మెట్టు. గడీలోని దాసి కమలాక్షికి మాటలే మిక్కిలి తక్కువ. నీళ్లు మోయుట, కాళ్లు పిసుకుట, పిలిచినప్పుడు పలుకుట, ఇంతే. దొర వలనఁ గలిగిన గర్భమును దీయించుకొనవలసి వచ్చినప్పుడును జిత్రము వాగ్ధోరణికి దిగదు. సంభాషణ సౌష్ఠవముచేఁ జిత్రమును దూఁచు పండితునకు నిచ్చట త్రాసులో వేయుటకుఁ జేతికేమియుఁ జిక్కదు. కమలాక్షిని ధరించిన అర్చనగారికే యా యేఁటి జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించెను.