స్థూలకాయ చికిత్సలో ఉత్తేజక, ఉత్తేజకేతరౌషధములు

వైద్యుని చీటీ లేనిదే లభింపనివియు, దేహభారమును తగ్గించుటకై వాడబడునవియు నగు మందులను రెండు తెగలుగా విభజించుట పరిపాటి. నాడీమండలమును ఉద్రేకింపజేసి, ఆకలిని, దానితోపాటు నిద్రను అణచునవి ఉత్తేజకములు; అట్టి ఉద్రేకమేమియు లేకుండ, ప్రేగులలో క్రొవ్వు జీర్ణము కాకుండ చేసియో, తృప్తిని కలిగించు వేఱొక నాడీమార్గమును ప్రేరేపించియో, ప్రేగులనుండి పుట్టు హార్మోనుల ననుకరించియో పనిచేయునవి ఉత్తేజకేతరములు. మొదటి తెగ అపాయకరమనియు రెండవది నిరపాయకరమనియు ఒక నమ్మిక లోకమున ప్రబలియున్నది గాని, ఈ మందుల చరిత్ర దానికి సాక్ష్యము చెప్పదు.

ఉత్తేజకముల కంటె ముందే ఈ రంగమున రెండు మందులు ప్రవేశించెను. పందొమ్మిదవ శతాబ్ది చివర జంతువుల థైరాయిడు గ్రంథిసారమును స్థూలకాయులకిచ్చు వాడుక వచ్చెను; బరువు తగ్గెను గాని గుండెదడయు, కండరముల క్షీణతయు వెంటవచ్చెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సు దేశపు మందుగుండు కర్మాగారములలో డైనైట్రోఫినాల్ సోకిన కార్మికులు చెమటలుపట్టి చిక్కిపోవుట కనబడెను. తరువాత 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కట్టింగ్, టెయింటర్ అనువారు దానిని స్థూలకాయులపై ప్రయోగించిరి. ఆహారశక్తి కణములలో పనికి వినియోగపడక ఉష్ణమై వెలికిపోవుటయే దాని మర్మము. మోతాదు కొంచెము మించినచో దేహతాపముచేతనే రోగి మరణించును. కొందఱికి కన్నులలో శుక్లములు పుట్టెను. 1938లో అమెరికాలో నూతనౌషధశాసనము వెలువడిన పిమ్మట దానికి వైద్యమున చోటు లేకపోయెను.

ఉత్తేజకముల కెల్ల మూలమగు ఆంఫెటమిన్‌ను రుమేనియా దేశీయుడగు లజార్ ఎడెలేయాను 1887లో బెర్లిన్ నగరమున తయారుచేసెను. నలువది సంవత్సరములు అది ఎవరికిని పట్టలేదు. గోర్డన్ ఆలెస్ అను కాలిఫోర్నియా రసాయనజ్ఞుడు దాని గుణములను తనపైననే పరీక్షించి చూచిన మీదట, 1930ల యందు అది బెంజెడ్రిన్ అను పేర మొదట ముక్కుతో పీల్చు మందుగను, పిదప మాత్రగను వెలువడెను. అతినిద్రారోగమునకు దానిని పుచ్చుకొన్నవారు చిక్కిపోవుట వైద్యులు గమనించిరి. 1938లో బోస్టన్ వైద్యులు లెసెస్, మయర్సన్‌లు దానిని స్థూలకాయమున కుపయోగించి ఫలితములను ప్రకటించిరి. దేహమున దహనక్రియ హెచ్చుటచేత గాక, తిండి తగ్గుటచేతనే బరువు తగ్గుచున్నదని 1947లో హారిస్, ఐవీ, సెర్ల్ అనువారు తేల్చిరి.

అయితే దేహము ఆ మందునకు అలవాటుపడి, కొన్ని వారములలోనే ఆకలి తిరిగివచ్చును. మోతాదు పెంచుకొన్న రోగి క్రమముగా వ్యసనపరుడగును. దీనికి తోడు అమెరికాలో ‘ఇంద్రధనుస్సు మాత్రలు’ అను రంగురంగుల బిళ్ళల వ్యాపారము సాగెను. ఆంఫెటమిన్, థైరాయిడు, మూత్రకారకములు, గుండెజబ్బు మందగు డిజిటాలిస్, వీటన్నిటి ఉద్రేకమును చల్లార్చుటకు ఒక నిద్రమాత్ర, ఇన్నిటిని కలిపి ఇచ్చు ఆ పద్ధతిని చికిత్స యనుట చికిత్సకు అవమానము. మూత్రకారకములచే పొటాషియము క్షీణించిన గుండెపై డిజిటాలిస్ పడుటచేత మరణములు సంభవింపగా, 1968లో సెనేటు విచారణ జరిగెను. 1970 నాటి శాసనముపై ఆంఫెటమిన్లు కఠిన నియంత్రణమునకు లోబడెను.

1959లో అనుమతి పొందిన ఫెంటర్మిన్ వ్యసనగుణము తక్కువైన ఉత్తేజకము. నేటికిని అమెరికాలో విరివిగా చెల్లుచున్నది. కాని నిద్రలేమి, నోరెండుట, రక్తపుపోటు హెచ్చుట దానికిని తప్పవు. ‘కొద్ది వారములకు మాత్రమే’ అను షరతు నాటినుండి నేటివఱకు దానిని వీడలేదు.

ఉత్తేజకముల దోషము లేని మందు కావలెనను ఆకాంక్షకు ఫలితము ఫెన్‌ఫ్లూరమిన్. రసాయన నిర్మాణమున అది ఆంఫెటమిన్‌కు దాయాదియే యైనను, సెరటోనిన్ అను నాడీరసాయనమును పురికొల్పుటచేత మెలకువకు బదులు మగతను కలిగించును. ఫెంటర్మిన్ ఉద్రేకింపజేయునది, ఫెన్‌ఫ్లూరమిన్ మత్తుగొల్పునది. రెంటిని కొలదిపాటి మోతాదులలో జతపఱచినచో ఒకదాని దోషమును మఱియొకటి సరిచేయునను యుక్తి మైకేల్ వైన్‌ట్రాబ్ అను రోచెస్టరు వైద్యునిది. 121 మందిపై సాగిన ఆయన పరిశోధన 1992లో వెలువడగనే, అధికారుల అనుమతి ఆ జంటకు ఎన్నడును లేకున్నను, ‘ఫెన్-ఫెన్’ చీటీలు వెల్లువగా వ్రాయబడెను. 1997 జూలైలో మాయో క్లినిక్కు వైద్యులు ఆ మందులు వాడిన 24 గురు స్త్రీలలో హృదయకవాటములు దెబ్బతినుటను వెల్లడింపగా, సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్, దాని సోదరియగు డెక్స్‌ఫెన్‌ఫ్లూరమిన్ విపణినుండి తొలగింపబడెను. కవాటకణములపైనున్న ఒకానొక సెరటోనిన్ గ్రాహకమును ఫెన్‌ఫ్లూరమిన్ నుండి దేహమున పుట్టు పదార్థము పురికొల్పుటయే కారణమని పిదప తేలెను. నిందపడినది ఉత్తేజకేతరము, ఉత్తేజకమగు ఫెంటర్మిన్ నిలిచెను.

తరువాతి మందులకును ఆయుర్దాయము తక్కువయే. రిమొనబాంట్ విషాదమును, ఆత్మహత్యా చింతనమును కలిగించుటచే 2008లో ఐరోపాలో నిలిచిపోయెను. సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతముల నెక్కువ చేయుటచే 2010లో తొలగెను. ఈ రెంటిని మనదేశమును నిషేధించెను. 1999లో అమెరికాలో అనుమతి పొందిన ఆర్లిస్టాట్ మాత్రము, రక్తమున అంతగా కలియక ప్రేగులలోనే క్రొవ్వును జీర్ణింపజేయు లైపేజును అడ్డి, తిన్న క్రొవ్వులో సుమారు మూడవవంతును వెలికిపంపి, దీర్ఘాయువైనది. నూనెతో కూడిన మలవిసర్జనముచే రోగికి కలుగు సిగ్గు దాని ప్రధానదోషము, ఫలమును స్వల్పము. 2012లో ఉత్తేజకమగు ఫెంటర్మిన్‌ను, ఉత్తేజకేతరమగు టొపిరమేట్‌ను కలిపిన మాత్ర వచ్చి, రెండు తెగల నడిమి గట్టును తెంచివేసెను.

ఇప్పటి వెల్లువ జీఎల్‌పీ-1 అను ప్రేగుల హార్మోను ననుకరించు సూదిమందులది. అమెరికా ఎడారులలోని గిలా మాన్‌స్టర్ అను విషపు బల్లి లాలాజలమున జాన్ ఎంగ్ కనుగొన్న ఎక్సెండిన్-4 మొదట మధుమేహమునకు మందైనది. ఈ వర్గమునకే చెందిన సెమాగ్లుటైడ్ 2021లో స్థూలకాయమునకు అనుమతి పొందెను. 68 వారముల పరీక్షలో సగటున 14.9 శాతము బరువు తగ్గగా, ఉత్తుత్తి మందు పొందినవారికి 2.4 శాతమే తగ్గెను. టిర్జెపటైడ్ అత్యధిక మోతాదున 72 వారములలో 20.9 శాతము వఱకు చూపెను. వమనము, మలబద్ధము, పిత్తాశయమున రాళ్లు వీటి దోషములు. ఉత్తేజకేతరములయ్యు నాడివేగమును కొంచెము పెంచుట విశేషము. సెమాగ్లుటైడ్ మానినవారు ఒక యేడాదిలో పోయిన బరువున మూడింట రెండు వంతులు తిరిగి పొందినట్లు 2022లో తెలిసినది. అనగా, కొద్ది వారములు దాటరాదన్నది పాత ఉత్తేజకమునకు షరతు కాగా, మానరాదన్నది ఈ కొత్తమందునకు షరతైనది.

2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో సెమాగ్లుటైడ్ స్థూలకాయ చికిత్సకై భారతదేశపు విపణికి వచ్చెను. ప్రధాన పరీక్షలు దేహభారసూచిక 30, ఉపద్రవములున్నచో 27 గలవారిపై జరిగినవి. ఉదరమున క్రొవ్వు చేరు భారతీయులకు 25నుండియే స్థూలకాయముగా నెంచవలెనని 2009లో ఇచటి నిపుణులు నిర్ణయించియున్నారు. ఆ నడిమి రోగులకు ఏ మందు వ్రాయవలెనో, అసలు వ్రాయవలెనో లేదో, వైద్యుని వివేకమునకు వదలబడియున్నది.