చెవి నేర్పిన మీటు

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్ పట్టుకుని బాస్ తీగలు మీటుతూ, మధ్యవేలితోనూ ఉంగరపువేలితోనూ సన్నతీగలు లాగడాన్ని గిటార్ వాళ్లు హైబ్రిడ్ పికింగ్ అంటారు. వీణలో చిటికెనవేలు తాళతంత్రుల సంగతి చూసుకున్నట్టు, ఇక్కడా వేళ్లు పని పంచుకుంటాయి. ఈ పంపకాన్ని ఒక మేధావి కనిపెట్టాడనుకోవడం తేలిక. చరిత్ర చూస్తే మాత్రం, వాయించేవాడి చెయ్యి కనబడక పాట ఒక్కటే వినబడినప్పుడు ఇలాంటి పద్ధతులు పుట్టాయనిపిస్తుంది.

కెంటకీ రాష్ట్రపు పడమటి బొగ్గుగనుల ప్రాంతంలో ఈ విద్య మొదట చేతి నుంచి చేతికే అందింది. ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి వాద్యకారుడి ప్రభావం కెనెడీ జోన్స్ మీద పడింది. జోన్స్ నుంచి మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ నేర్చుకున్నారు. వాళ్లను చూసి 1917లో పుట్టిన మెర్ల్ ట్రావిస్ నేర్చుకున్నాడు. ఎదురుగా కూర్చుని నేర్చినంతకాలం పద్ధతి పెద్దగా మారలేదు: బొటనవేలు బాస్ నడుపుతుంది, చూపుడువేలు పాట పలికిస్తుంది. షుల్ట్జ్ 1931లో చనిపోయాడు, ఆయన రికార్డు ఒక్కటీ లేదు కాబట్టి ఈ వంశావళికి ఆధారమేమిటని అడగవచ్చు. ఆయన వేళ్లు సరిగ్గా ఎలా కదిలాయో ఎవరూ చెప్పలేరు, నిజమే. కానీ ఆయనతో కలిసి డాన్సులకు వాయించిన బిల్ మన్రో ఆ రుణాన్ని చివరిదాకా చెప్పుకున్నాడు. రికార్డు లేదని మనిషినే కొట్టేస్తే, గ్రామఫోను కంపెనీలు ఎవరిని పిలవలేదో వాళ్లెవరూ చరిత్రలో మిగలరు.

అసలు మలుపు రేడియోతో వచ్చింది. సిన్సినాటి నుంచి డబ్ల్యూఎల్‌డబ్ల్యూ స్టేషన్‌లో ట్రావిస్ వాయిస్తుంటే జార్జియాలో కుర్రవాడు చెట్ అట్కిన్స్ విన్నాడు. అన్ని స్వరాలు ఒక్క వేలితో పలుకుతాయని ఊహించలేక, బొటనవేలికి మరో మూడు వేళ్లు జతచేసి సాధన చేశాడు. ఆ పొరపాటే ఆయన శైలి అయింది. చెయ్యి కనబడకపోయేసరికి శిష్యుడు శబ్దానికి మాత్రమే కట్టుబడ్డాడు; వేళ్ల సంగతి అతని ఇష్టం. ఆ తరవాతి తరంలో 1939లో పుట్టిన జేమ్స్ బర్టన్, మామూలు పిక్ వదలకుండానే మధ్యవేలికి మరో పిక్ తొడుక్కున్నాడు. 1957లో వచ్చిన 'సూజీ క్యూ' పాటలో గిటార్ ఆయనదే. ఇంగ్లండ్‌లో పెరిగిన గిటారిస్టు ఆల్బర్ట్ లీకీ ఈ సంగీతం ముఖ్యంగా రికార్డుల ద్వారానే అందింది.

ఇదంతా చెవి మహిమ కాదు, కేవలం సౌకర్యం అనేవాళ్లున్నారు. బొటనవేలికి తొడిగే పిక్‌తో ఒకే తీగ మీద కిందికీ పైకీ వేగంగా మీటడం కష్టం, మామూలు పిక్‌తో సులువు. బ్యాండులో వాయించేవాడికి రెండూ కావాలి. మంచి వాదనే. కానీ పిక్ ఎందుకు వదల్లేదో చెప్పినంత బాగా, ఖాళీగా ఉన్న వేళ్లను ఎందుకు కదిపారో అది చెప్పదు. పిక్ ఒక్కటే ఉంటే దూరదూరపు తీగలు రెండు ఒకేసారి పలకవు. ఆ జంట స్వరం చెవిలో ముందే పడి ఉన్నవాడికే ఆ కొరత తెలుస్తుంది. కొత్త లిక్ (చిన్న గిటార్ పలుకు) నేర్చుకునేవాళ్లు వీడియోలో వేళ్లను చూసేముందు, కళ్లు మూసుకుని నాలుగుసార్లు వినండి.