బారా షహీదుల రొట్టె

పరసీమల ఆచారములను చూడవచ్చిన యాత్రికుడు సాధారణముగా ఒడ్డున నిలిచి చూచువాడే గాని అందులో పాలుగొనువాడు కాడు. ఊరివారు మ్రొక్కుకొందురు, అతడు చూచి వెడలిపోవును. నెల్లూరు స్వర్ణాల చెరువుకడ మొహర్రము మాసమున జరుగు రొట్టెల పండుగలో ఆ యెడము నిలువదు. ఏలయన, ఇచ్చట కోరిక ఫలించినవాడు తెచ్చిన రొట్టెను అందుకొనుటకు మరియొకడు, తరచుగా ముక్కుమొగము తెలియనివాడు, కావలెను. అట్టివాడు చేయి చాచినగాని మ్రొక్కు చెల్లదు. ఏ మతమువాడైనను, ఏ భాషవాడైనను, ఆ నీటిలో అడుగిడినంతనే పండుగకు అక్కఱకు వచ్చినవాడగుచున్నాడు.

చెరువుగట్టున వెలసిన దర్గాలో పన్నిద్దరు వీరుల సమాధులున్నవి. బారా షహీదులన్న పేరు వారిదే. నెల్లూరికి ఉత్తరమున, నేటి కొడవలూరు మండలములోని గండవరముకడ జరిగిన యుద్ధమున వారి శిరస్సులు తెగి అచ్చటనే పడిపోగా, మొండెములను మోసికొని గుఱ్ఱములు పెన్న దాటి ఈ గట్టునకు వచ్చి నిలిచెననియు, వారిని ఇచ్చటనే సమాధి చేసిరనియు స్థానికులు చెప్పుదురు.

రొట్టె కథ ఆ తరువాతిది. చెరువులో బట్టలుదుకవచ్చిన రజక దంపతులు ప్రొద్దుక్రుంకుటచే ఇల్లు చేరలేక సమాధుల చెంతనే నిద్రించిరట. ఆ రాత్రి ఇల్లాలి కలలో షహీదులు కనిపించి, ఆర్కాటు నవాబు భార్య తీరని వ్యాధితో బాధపడుచున్నదనియు, తమ సమాధుల మట్టిని ఆమె నొసట పూసిన స్వస్థత కలుగుననియు పలికిరి. తెల్లవారి ఆమె చెప్పిన మాట ఊరి పెద్దల చెవినిబడి, బేగము జబ్బు మాన్పువారికై నవాబు వేయించిన చాటింపునకు సరిపోవుటచే, మట్టి ఆర్కాటు చేరినది, బేగము కోలుకొన్నది. అంతట నవాబు సతీసమేతుడై నెల్లూరు వచ్చి, సమాధులకు మ్రొక్కి, తెచ్చుకొన్న రొట్టెలను తాము కొంత తిని, మిగిలినవానిని అచ్చట చేరినవారికి పంచిపెట్టెను.

ఈ కథలోనికి ఆర్కాటు నవాబు రావడమునకు చరిత్రలో తగిన చోటు కలదు. పదునెనిమిదవ శతాబ్దమున నెల్లూరుసీమ ఆ నవాబుల యేలుబడిలోనిదే. నవాబు మహమ్మదలీ వాలాజా సోదరుడు నజీబుల్లా ఇచ్చట తిరుగబడగా, 1757లో కుంఫిణీ దళపతి కర్నల్ ఫోర్డు నెల్లూరుకోటపై పడి దానిని గెలువలేక మరలిపోయెను. 1801లో గాని ఈ సీమ కుంఫిణీ పరము కాలేదు. అయినను నాకు నవాబుకన్న ఆ రజకాంగనయే ఈ కథకు ప్రాణముగా తోచుచున్నది. తమ మాట చెప్పుటకు షహీదులు పండితుని గాని అధికారిని గాని వెదకలేదు. పగలెల్ల బట్టలుదికి అలసి సొలసి నిద్రించిన ఒక ఇల్లాలిని ఎన్నుకొనిరి. నేటికిని హిందూస్త్రీలు ఇంత చనవుగా, తమ ఇలవేల్పు గుడికి వచ్చినట్లే, ఈ దర్గాకు వచ్చుటకు మూలము ఆ కలలోనే ఉన్నదని నా నమ్మకము.

నీటిలో జరుగు తంతు చిన్నది. మోకాలిలోతున నిలిచిన ఒక తల్లి కొంగు తలపై కప్పుకొని, కాగితములో చుట్టిన గోధుమరొట్టెను పట్టుకొని, “ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె” యని కేకవేయుచుండును. చేతిరుమాలు నెత్తిన వేసికొని ఒక యువకుడు వచ్చి రెండు చేతులతో అందుకొనును. ఒక ముక్క తుంచి అచ్చటనే నోట వేసికొనును. కులగోత్రములు అడుగు పనిలేదు. కొలువు దొరికినచో మరుసటియేడు అతడే అట్టి రొట్టెతో వచ్చి నిలువవలెను, అంతే. నవాబు కథలో ఉన్నది ఆరోగ్యమొక్కటే. నేడు విద్యకొకటి, వివాహమునకొకటి, సంతానమునకొకటి, సొంతయింటికొకటి రొట్టెలున్నవి. కడలి దాటి బ్రదుకవలెనను కోరిక ఇంటింట మొలచిన పిమ్మట వీసా రొట్టె కూడ వచ్చి చేరినది. దీనిని చూచి ఆచారము చెడినదని విచారించువారున్నారు గాని, ప్రజల ఆశలతో పాటు పెరుగుచున్న ఆచారమునకు ఇంతకన్న ఆయుర్లక్షణము వేఱొకటి కలదా?

జపానులోని తకాసకి పట్టణము దరుమ బొమ్మలకు పేరొందినది. కోరిక కోరునప్పుడు బొమ్మ యొక్క ఒక కంటికి పాప దిద్ది, అది ఈడేరినప్పుడు రెండవ కంటిని దిద్ది, పిమ్మట బొమ్మను ఆలయమునకు మరల అప్పగించెదరు. అచ్చటను మ్రొక్కు ఒక ఋణమే. కాని ఆ ఋణము కోరినవానికిని వేల్పునకును నడుమనే తీరిపోవును. నెల్లూరిలో అది మూడవ మనిషి చేతికి పోవును. అతడు తీర్పబోయిన నాలుగవవానికి సంక్రమించును.

కోటమిట్టలోని అమీనియా మసీదునుండి రాత్రివేళ గంధము తెచ్చు ఉత్సవము ఈ పండుగలో ప్రధానమైనది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రొట్టెల పండుగను రాష్ట్రపండుగగా ప్రకటించినది. దూరమునుండి వచ్చినవారిలో అనేకులు కసుమూరు మస్తానువలీ దర్గాను, అనుమసముద్రంపేట దర్గాను కూడ దర్శించి పోవుదురు. మొహర్రము చాంద్రమాన మాసమగుటచే పండుగ ఏటేట 10, 11 దినములు ముందునకు జరుగుచుండును. కొన్ని యేండ్లు మండుటెండలలో, కొన్ని యేండ్లు ఈశాన్య ఋతుపవనపు వానలలో వచ్చును. కనుక రొట్టె పుచ్చుకొన్న యాత్రికులు మరుసటి మొహర్రము తేదీని దర్గాలో అడిగి తెలిసికొని మరి బయలుదేరుట మేలు.