గాజుపెట్టె నుండి పెరటి సీసా వరకు: హమ్మింగ్‌బర్డ్‌ను ఆహ్వానించిన చరిత్ర

ఉపోద్ఘాతం

హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాలకే పరిమితమైన పక్షి. ఉత్తరాన అలాస్కా నుండి దక్షిణాన టియెర్రా డెల్ ఫ్యూగో వరకు సుమారు 360 జాతులుగా ఇది విస్తరించి ఉంది. ఆసియా, ఆఫ్రికా, ఐరోపా ఖండాలలో నేడు స్వేచ్ఛగా జీవించే హమ్మింగ్‌బర్డ్ లేదు. రెక్కలను అతివేగంగా ఆడిస్తూ గాలిలో ఒకేచోట నిలిచి, పొడవైన ముక్కును, నాలుకను పువ్వులోకి చొప్పించి మకరందం తాగడం దీని ప్రత్యేకత. నేడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, కెనడాలో ఇంటి పెరట్లో చక్కెరనీటి సీసాను వేలాడదీసి ఈ పక్షిని పిలవడం సర్వసాధారణమైన అలవాటు. ఆ సీసా ఎంత సాధారణంగా కనిపించినా దాని వెనుక పక్షిని చంపి చూసిన కాలం, రంగులతో చిత్రించిన కాలం, బతికి ఉండగా పిలిచి చూసిన కాలం ఒకదాని వెంట ఒకటిగా ఉన్నాయి. ఈ పరిణామంలో చిత్రకళకు, గృహిణుల పెరటి పరిశీలనకు, వాణిజ్యానికి ఉన్న పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పక్షిని పిలిచిన మనిషి దాని జీవన పరిధిని కూడా మార్చాడన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

పేర్లలో కనిపించే చూపు

ఒక ప్రాణిని ఒక సమాజం ఎలా చూసిందో దానికి పెట్టిన పేరు కొంతవరకు చెబుతుంది. ఆంగ్లేయులు రెక్కల ఝుంకారాన్ని విని హమ్మింగ్‌బర్డ్ అన్నారు. పోర్చుగీసు భాషలో ఇది 'బేజాఫ్లోర్', అంటే పువ్వును ముద్దాడేది. స్పానిష్‌లో 'పికాఫ్లోర్', అంటే పువ్వును పొడిచేది. మెక్సికోలో 'చుపరోసా' అన్న వాడుక కూడా ఉంది. గులాబీని పీల్చేదని దాని అర్థం. ఒక పేరు చెవితో విన్నదానికి సంబంధించినది. మిగిలినవి కంటితో చూసినదానికి సంబంధించినవి. కంటితో చూసి పెట్టిన పేర్లన్నింటిలోనూ పువ్వు ఉంది. పక్షిని పువ్వు నుండి విడదీసి ఊహించలేకపోవడం తరువాతి చరిత్రకంతటికీ మూలం.

ఐరోపావారు రాకముందే మెక్సికోలో ఈ పక్షికి ఉన్నత స్థానం ఉండేది. నహువాత్ల్ భాషలో దీని పేరు 'హుయిట్జిలిన్'. అజ్టెక్‌ల యుద్ధదేవత హుయిట్జిలోపోచ్ట్లి పేరులో ఈ పదమే ఉంది. ఈకలతో చిత్రాలు, రాచ వస్త్రాలు కూర్చే 'అమంటెకా' అనే వృత్తి కళాకారుల వర్గానికి దీని ఈకలు విలువైన ముడిసరుకు. స్పానిష్ మతగురువు బెర్నార్డినో డి సహగూన్ పర్యవేక్షణలో 16వ శతాబ్దంలో రూపొందిన ఫ్లోరెంటైన్ కోడెక్స్ 11వ సంపుటంలో ఈ పక్షి చలికాలంలో చెట్టుకు వేలాడి ఎండిపోయి, వానలతో తిరిగి ప్రాణం పోసుకుంటుందన్న విశ్వాసం నమోదైంది. చలి రాత్రులలో హమ్మింగ్‌బర్డ్ శరీర ఉష్ణోగ్రతను బాగా తగ్గించుకొని జడావస్థలోకి వెళ్లి, తెల్లవారేసరికి తేరుకుంటుందని నేటి శాస్త్రం చెబుతుంది. ఆ విశ్వాసానికి వెనుక నిశితమైన ప్రత్యక్ష పరిశీలన ఉండి ఉండవచ్చు.

చిత్రంలో పక్షి, పక్షి పక్కన పువ్వు

ఆంగ్ల వలసల తొలినాళ్లలోనే ఈ పక్షి వింతగా గ్రంథస్థమైంది. 1634లో వెలువడిన విలియం వుడ్ గ్రంథం న్యూ ఇంగ్లండ్ వింతలలో దీనిని చేర్చింది. అయితే పాఠకుల మనస్సులో దీని రూపాన్ని స్థిరపరచినది చిత్రకళ. మార్క్ కేట్స్‌బీ 1732లో పూర్తిచేసిన కరోలినా ప్రకృతి చరిత్ర మొదటి సంపుటంలో హమ్మింగ్‌బర్డ్‌ను నారింజ, ఎరుపు కలిసిన బాకా ఆకారపు పూల తీగతో కలిపి చిత్రించాడు. సుమారు వందేళ్ల తరువాత జాన్ జేమ్స్ ఆడుబన్ తన 'బర్డ్స్ ఆఫ్ అమెరికా'లోని 47వ ఫలకంలో ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్‌లను అదే బాకాపూల తీగ చుట్టూ చేర్చాడు. ఇద్దరి శైలి వేరు, కాలం వేరు. పువ్వు మాత్రం ఒకటే. ఆ తీగకూ ఆ పక్షికీ ప్రకృతిలో నిజమైన సంబంధం ఉంది. అయినా ఈ పక్షి తాగే ఎన్నో పూలలో ఒకటి మాత్రమే ప్రతినిధిగా స్థిరపడడానికి చిత్రకళా సంప్రదాయం తోడ్పడింది.

గాజుపెట్టెలోని పక్షి

ఐరోపాలో హమ్మింగ్‌బర్డ్‌ను చూడాలంటే 19వ శతాబ్దంలో ఉన్న మార్గం దాదాపు ఒక్కటే: చంపి, చర్మంలో దూది కూరి, గాజు వెనుక నిలపడం. లండన్‌కు చెందిన జాన్ గౌల్డ్ ఈ రంగంలో అగ్రగణ్యుడు. 1851లో మహా ప్రదర్శన జరుగుతున్న సమయంలో రీజెంట్స్ పార్క్ జంతు ఉద్యానంలో ఆయన తన హమ్మింగ్‌బర్డ్ సేకరణను ప్రత్యేక గాజుపెట్టెలలో ప్రదర్శించాడు. 75,000కు పైగా సందర్శకులు దానిని చూశారు. విక్టోరియా రాణి కూడా వారిలో ఒకరు. 1849 నుండి 1861 వరకు భాగాలుగా వెలువడి అయిదు సంపుటాలైన ఆయన గ్రంథంలో 360 వర్ణ ఫలకాలు ఉన్నాయి. ఈకల లోహకాంతిని కాగితం మీదికి తేవడానికి బంగారు రేకును, పారదర్శకమైన రంగులను వాడారు.

ఇంతటి పనిని తలకెత్తుకున్న గౌల్డ్ ప్రాణమున్న హమ్మింగ్‌బర్డ్‌ను మొదటిసారి చూసింది 1857లో, ఫిలడెల్ఫియాలోని బార్‌ట్రమ్ ఉద్యానంలో. అప్పటికి ఆయన ప్రదర్శన జరిగి ఆరేళ్లు, గ్రంథం మొదలై ఎనిమిదేళ్లు అయింది. ఆకారం, కొలత, రంగు తెలిసిన నిపుణుడికి ఎగిరే తీరు తెలియలేదు. చచ్చిన పక్షి ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుతుంది.

గాజుపెట్టె పక్కనే టోపీల దుకాణం ఉంది. ఆ శతాబ్దం చివరిలో స్త్రీల టోపీల అలంకరణ కోసం హమ్మింగ్‌బర్డ్ చర్మాలు లండన్ వేలంపాటలలో పెద్దయెత్తున అమ్ముడయ్యాయి. దానికి ఎదురుదెబ్బ కూడా స్త్రీల నుండే వచ్చింది. 1896లో బోస్టన్‌లో హ్యారియెట్ హెమెన్‌వే, మిన్నా హాల్ పూనికతో మసాచుసెట్స్ ఆడుబన్ సంఘం ఏర్పడింది. ఈకల టోపీలు ధరించమని తోటి స్త్రీలచేత మాట తీసుకోవడం వారి తొలి కార్యక్రమం. 1900లో లేసీ చట్టం, 1918లో వలసపక్షుల ఒప్పంద చట్టం వచ్చాయి. మన దేశం నుండి పక్షి చర్మాల, ఈకల ఎగుమతిని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1902లో నిషేధించడం కూడా ఈ కాలపు పరిణామాలలో భాగమే.

కాగితపు పువ్వు, చక్కెరనీరు

చంపకుండా దగ్గరగా చూడడం ఎలా అన్న ప్రశ్నకు సమాధానం మ్యూజియంలో దొరకలేదు, పెరట్లో దొరికింది. మసాచుసెట్స్ రాష్ట్రం బ్రూక్‌లైన్‌కు చెందిన కరోలిన్ సౌల్ 1900లో 'బర్డ్-లోర్' పత్రికలో ఒక చిన్న రచన ప్రచురించింది. దళసరి కాగితంతో బాకాపువ్వును చేసి, నీటిరంగులు వేసి, అందులో చక్కెరనీరు నింపిన చిన్న సీసాను అమర్చి తీగ పందిరికి కట్టినట్లు అందులో ఉంది. హమ్మింగ్‌బర్డ్‌లు వచ్చి తాగాయి. ఇక్కడ గమనించదగినది ఆమె ఎంచుకున్న పువ్వు. అది కేట్స్‌బీ, ఆడుబన్ చిత్రించిన పువ్వే. చిత్రకారుడు మనిషి కన్ను కోసం పక్షి పక్కన పెట్టిన పువ్వు ఇప్పుడు పక్షి కన్ను కోసం కాగితంపై పుట్టింది. అంతవరకు పక్షికి ప్రతిరూపం తయారుచేసిన కళ, ఇక్కడ పువ్వుకు ప్రతిరూపం తయారుచేసి అసలు పక్షిని రప్పించింది.

ఈ ప్రయత్నాన్ని క్రమబద్ధమైన పరిశోధనగా మార్చిన వ్యక్తి అల్థియా షెర్మన్ (1853–1943). ఆమె శిక్షణ పొందిన చిత్రకారిణి. అయోవా రాష్ట్రంలోని నేషనల్ అనే చిన్న గ్రామంలో తల్లిదండ్రుల సేవకోసం తిరిగివచ్చి స్థిరపడి, ఇంటి ఆవరణనే పరిశోధన స్థలంగా చేసుకుంది. 1907లో మైనపు గుడ్డతో పువ్వును చేసి, రంగు వేసి, సీసాకు తొడిగి ఆమె ప్రయోగాలు ప్రారంభించింది. ఏడు వేసవుల అనుభవాన్ని 1913లో 'విల్సన్ బులెటిన్'లో ప్రచురించింది. రంగు మార్చి చూడడం, చివరకు పువ్వే లేకుండా వట్టి సీసాను పెట్టి చూడడం ఆమె పద్ధతి. పక్షులు పువ్వు లేని సీసా దగ్గరికి కూడా వచ్చాయి. ఒకసారి ఆహారం దొరికిన చోటును అవి గుర్తుంచుకుంటాయని, ఒక రంగు మీద ప్రత్యేకమైన మక్కువ ఉందని చెప్పడానికి ఆధారం లేదని ఆ పరిశీలనలు సూచించాయి. విశ్వవిద్యాలయ పదవి గాని, ప్రయోగశాల గాని లేని ఒక స్త్రీ ఒక్కొక్క అంశాన్నే మారుస్తూ సాగించిన ఈ పరీక్ష పక్షి ప్రవర్తనా శాస్త్ర చరిత్రలో గౌరవస్థానం పొందదగినది.

ఎరుపు మీద నమ్మకం

షెర్మన్ ఫలితాన్ని ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో నల్లగడ్డపు హమ్మింగ్‌బర్డ్‌లపై ఫ్రాంక్ బెనే చేసిన ప్రయోగాలు బలపరచాయి. ఎరుపు పట్ల అభిరుచి పుట్టుకతో వచ్చినది కాదని, అనుభవంతో ఏర్పడేదని 1941లో ప్రచురితమైన ఆయన వ్యాసం వాదించింది. ఎర్రని పూలలో మకరందం దొరికిన పక్షి ఎరుపును వెతుకుతుంది. మరో రంగులో దొరికితే దానినీ నేర్చుకుంటుంది.

వాణిజ్యం మాత్రం ఈ తీర్మానాన్ని పట్టించుకోలేదు. 1930 ప్రాంతంలో లారెన్స్ వెబ్‌స్టర్ తన భార్య కోసం గాజుతో ఫీడర్‌ను తయారు చేయించాడు. హెరాల్డ్ ఎడ్జర్టన్ అతివేగపు మెరుపు దీపాలతో తీసిన హమ్మింగ్‌బర్డ్ ఛాయాచిత్రాలు 1947లో 'నేషనల్ జియోగ్రాఫిక్'లో వెలువడిన తరువాత అలాంటి ఫీడర్ మీద ప్రజల ఆసక్తి పెరిగింది. 1950లో అది మార్కెట్‌లోకి వచ్చింది. ఆ తరువాత ప్లాస్టిక్ కాలంలో ఎర్రని మూత, ఎర్రని గొట్టం, ఎర్రరంగు కలిపిన చక్కెర పొడి ఈ వ్యాపారానికి గుర్తులయ్యాయి. కొనేవాడి కంటికి ఎరుపు కావాలి. పక్షికి కావలసింది చక్కెర. తెల్ల చక్కెర ఒక పాలు, నీరు నాలుగు పాళ్లు సరిపోతాయని, రంగు అనవసరమని, తేనె కలిపితే బూజు, పులుపు త్వరగా పడతాయని పక్షిశాస్త్రజ్ఞులు నేటికీ చెప్పవలసి వస్తున్నది. కేట్స్‌బీ ఫలకంలో మొదలైన ఎర్రని బాకాపువ్వు శాస్త్రం కాదన్న తరువాత కూడా ప్లాస్టిక్ అచ్చులో బతికే ఉంది.

ఆతిథ్యం తెచ్చిన మార్పు

ఆహ్వానం పక్షి దారినే మార్చగలదనడానికి అన్నా హమ్మింగ్‌బర్డ్ నిదర్శనం. 1829లో రెనే లెసన్ ఈ జాతికి రివోలి ప్రభువు భార్య అన్నా మాసెనా పేరు పెట్టాడు. 20వ శతాబ్దం ఆరంభంలో ఇది ముఖ్యంగా కాలిఫోర్నియా దక్షిణ ప్రాంతంలో, దాని దిగువన ఉన్న బాహా కాలిఫోర్నియాలో సంతానోత్పత్తి చేసేది. నేడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చలికాలమంతా నిలిచి ఉంటోంది. ఆస్ట్రేలియా నుండి తెచ్చి నాటిన యూకలిప్టస్, ఇళ్ల ముందు పెంచిన విదేశీ పూల మొక్కలు, చక్కెరనీటి సీసాలు ఈ ప్రస్థానానికి తోడ్పడ్డాయి. పౌరులు తమ పెరళ్లలో లెక్కించి పంపిన వివరాల ఆధారంగా ఎమ్మా గ్రెయిగ్, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనం చలికాలపు విస్తరణకు నగరీకరణతో, ఫీడర్లతో సంబంధం ఉందని చూపింది.

2025లో వెలువడిన మరో అధ్యయనం మ్యూజియంలలోని పాత చర్మాలను కొలిచి, ఫీడర్లు పెరిగిన ప్రాంతాలలో ఈ జాతి ముక్కు పరిమాణం, ఆకృతి కొన్ని తరాలలోనే మారాయని పేర్కొంది. ఒకప్పుడు జీవమున్న పక్షి స్థానంలో నిలిచిన చర్మాలు నేడు జీవమున్న పక్షిలో వచ్చిన మార్పుకు సాక్ష్యమయ్యాయి. చూడడానికి మాత్రమే పెట్టిన సీసా చూడబడే పక్షి శరీరాన్ని తాకిందన్నమాట. దీనితో బాధ్యత ప్రశ్న కూడా వచ్చింది. శుభ్రం చేయని సీసాలో పులిసిన నీరు పక్షికి వ్యాధికారకం కాగలదు. విందుకు పిలిచినవారికి పాత్ర కడగవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

తెలుగు తోటల్లో అమెరికా పూలు

హమ్మింగ్‌బర్డ్ తెలుగునేలకు రాలేదు గాని, అది తాగే పూలు వచ్చాయి. పందిళ్లపై పాకే కాశీరత్నం ఉష్ణ అమెరికాకు చెందినది. మెట్టతామర శాస్త్రీయనామంలో 'ఇండికా' ఉన్నా దాని జన్మస్థానం అమెరికాయే. పార్కులలో పెంచే హమీలియా, రస్సెలియాలు కూడా ఆ ఖండాలవే. సన్నని గొట్టం, ఎరుపు లేదా నారింజ రంగు, సమృద్ధిగా మకరందం వీటి సామాన్య లక్షణాలు. మన తోటల్లో ఈ పూల దగ్గరికి తేనెపిట్ట వస్తుంది. అది గాలిలో కొద్ది క్షణాలు నిలవగలిగినా సాధారణంగా కొమ్మపై వాలి తాగుతుంది. గొట్టం మరీ పొడవైతే పువ్వు మొదలును పొడిచి మకరందాన్ని దొంగిలిస్తుంది.

తేనెపిట్టకు, హమ్మింగ్‌బర్డ్‌కు దగ్గరి చుట్టరికం లేదు. తేనెపిట్ట పిచ్చుకలు, కాకులు చేరిన వర్గానికి చెందినది. హమ్మింగ్‌బర్డ్ స్విఫ్ట్ పక్షులకు బంధువు. ఒకే రకమైన ఆహారం వీటికి పోలికను ఇచ్చింది. అందువల్ల అనువాదాలలో హమ్మింగ్‌బర్డ్‌ను తేనెపిట్ట అని రాస్తే అర్థం సులభమవుతుంది గాని ఖండం మారిపోతుంది. మెక్సికో దేవత పేరులోని పక్షి గాని, గౌల్డ్ గాజుపెట్టెలోని పక్షి గాని తెలుగు పెరటి పిట్ట కాదు. ఇక్కడ ఆంగ్లపదాన్ని తెలుగు లిపిలో నిలుపుకోవడమే చరిత్రకు న్యాయం.

ముగింపు

హమ్మింగ్‌బర్డ్‌ను పెరటికి పిలిచే అలవాటు ఒక్కసారిగా పుట్టలేదు. పక్షిని పువ్వుతో జతచేసి చూసిన చిత్రకళ దానికి రూపం ఇచ్చింది. ఈకల వ్యాపారంపై వచ్చిన నిరసన కాలం దానికి నైతిక వాతావరణం కల్పించింది. సౌల్, షెర్మన్‌ల పెరటి ప్రయోగాలు దానికి సాధనాన్ని, శాస్త్రాన్ని సమకూర్చాయి. వాణిజ్యం ఆ సాధనాన్ని ఇంటింటికీ చేర్చింది గాని, శాస్త్రాన్ని వెనుక వదిలి చిత్రకారుడి ఎరుపునే పట్టుకుంది. చంపి చూడడం నుండి పిలిచి చూడడం వరకు సాగిన ఈ మార్పు నిస్సందేహంగా మేలైనదే. కాని గాజుపెట్టెలోని పక్షి మారదు. పెరటి సీసా దగ్గరికి వచ్చే పక్షి మారుతుంది. అన్నా హమ్మింగ్‌బర్డ్ ఉత్తర ప్రస్థానం ఆ మార్పుకు చరిత్ర రాసిపెట్టిన తొలి ఆధారాలలో ఒకటి.