నాగులేటి ఒడ్డున పంబ మోత

పోయిన కార్తీకం ముగిసీ ముగియగానే ఒక సాయంత్రం అల్ ఖోర్‌లో నా దగ్గరికి బీపీ చూపించుకోవడానికి ఒక తాపీమేస్త్రి వచ్చాడు. చేతికి పట్టీ చుడుతుంటే, "డాక్టరు గారూ, ఇయ్యాల మా ఊళ్లో మందపోరండి" అన్నాడు. ఊరు కారెంపూడి. ఫోను తీసి తిరునాళ్ల దృశ్యం చూపించాడు. పంబ మోత నా చిన్న గదంతా నిండిపోయింది. గుంటూరు జిల్లాలో పుట్టిన నాకు ఆ మోత విని ఎన్నేళ్లయిందో!

యుద్ధకాలపు పాటలనూ ప్రసంగాలనూ తలచుకుంటూ కచేరీలు జరుపుకోవడం చాలా దేశాల్లో ఉంది. ఇంగ్లండులో రెండో ప్రపంచయుద్ధం నాటి పాటలతో, చర్చిల్ ఉపన్యాసాలతో ఇప్పటికీ సభలు చేస్తారు. మన పల్నాడులో ఆ ముచ్చట ఇంకా పాతది. పన్నెండో శతాబ్దం చివర, 1182 ప్రాంతంలో, కారెంపూడి దగ్గర గురజాల, మాచర్ల రాజ్యాలు తలపడ్డాయి. అక్కడ ఒరిగిన వీరులకు నాగులేటి ఒడ్డున నేటికీ ఆరాధన జరుగుతోంది.

కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల వారసులు తమ ఇళ్లలోని ఆయుధాలను మోసుకొస్తారు. వీరవిద్యావంతులు కథాగానం చేస్తారు. రాయబారం నాడు మాటలదే పెత్తనం. సంధి కోసం వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలైన ఘట్టం వింటే, మాట విఫలమైన చోటే కత్తి లేచిందని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ గాథను శ్రీనాథుడు ద్విపదలో రాశాడని ప్రతీతి. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో దాన్ని అచ్చువేయించారు. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' చిత్రంలో కన్నాంబ నాగమ్మగా, అక్కినేని బాలచంద్రుడిగా కనిపించారు. 1966లో ఎన్.టి.ఆర్., భానుమతి నటించగా ఆ కథ మళ్లీ తెరకెక్కింది. షేక్ నాజర్ గారి బుర్రకథ సరేసరి. ఆయన కంఠంలో బాలచంద్రుడు బయలుదేరితే మా తాతగారు చుట్ట కాల్చడం మరిచిపోయేవారు.

అయితే ఆ మేస్త్రి నాకు గుర్తుచేసింది కత్తులను కాదు, చాపకూడును. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కథ. మందపోరు నాడు కారెంపూడిలో నేటికీ చాపకూడు జరుగుతుంది. యుద్ధాన్ని పాడుకునే ఊరు, ఆ యుద్ధంలో నిలబడ్డ మంచిని కూడా దాచుకుంది.

మందులు రాసిచ్చాక అతను తలుపు దగ్గర ఆగి, "మీ సంఘం పండక్కి మా క్యాంపువాళ్లు రావచ్చాండీ?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఇన్నేళ్లుగా ఇంజనీర్లు, డాక్టర్లు, వారి కుటుంబాలు, ఇంతే మన పండుగ. మన భవనాలు కట్టిన చేతులు మన పంక్తిలో ఎప్పుడూ లేవు. ఆ లోపం నాది కూడా.

"తప్పకుండా రండి" అన్నాను, కాస్త ఆలస్యంగా.

మిత్రులారా, వచ్చే కార్తీకంలో మన పిల్లలకు పల్నాటి కథ వినిపిద్దాం. పాడటానికి ఆ మేస్త్రినే పిలుద్దాం. ఆ రోజు భోజనాలకు కుర్చీలు పక్కన పెట్టి చాపలు పరుద్దాం. లెక్కకన్నా నాలుగు ఎక్కువే పరుద్దాం.