కౌంటరుకు ఇటువైపు, అటువైపు

పొదుపు లెక్కలు, లింకేజీ, స్త్రీనిధి వివరాలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. నేను రాసేది ఆఫీసుల్లో మర్యాద గురించి. మర్యాద అనగానే అది మనిషి గుణం అనుకుంటాం. ఆ మేనేజరు మంచాయన, ఈ క్లర్కు దురుసు మనిషి అని చెప్పుకుంటాం. కానీ వెనక్కి వెళ్లి చూస్తే, కౌంటరు దగ్గర మనకి ఈరోజు దొరికే మర్యాద ఒక్కో రూలుగా వచ్చింది. రూలు వచ్చాక కూడా, అడిగేవాళ్లు ఉన్నచోటే అది నడిచింది.

మన తాతల కాలంలో ఊళ్లో ఆఫీసు అంటే కరణంగారి అరుగే. కరణం ఉద్యోగం వంశంలో వచ్చేది. లెక్కల పుస్తకాలు వాళ్లింట్లోనే ఉండేవి. అడంగల్ నకలు కావాలంటే ఆయనకి తీరిక దొరకాలి, మనసు కుదరాలి. పొలం ఉన్నవాళ్లు అరుగు కింద నిలబడేవాళ్లు, పొలం లేనివాళ్లకి అక్కడ పనే లేదు. ఆడవాళ్లు వెళ్లడం సంగతి చెప్పక్కర్లేదు. పైఅధికారికి అర్జీ రాస్తే మొదటి మాటే "మహారాజశ్రీ" అని ఉండేది. అంటే ఆఫీసుకి వెళ్లినవాడు హక్కు అడగడానికి కాదు, దయ అడగడానికి వెళ్లినట్టు. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. గన్నవరం తాలూకా కచేరి పోయి మండలాఫీసు వచ్చింది. ఆఫీసు దగ్గరైంది. కుర్చీ అవతల మాటతీరు మారడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మన సంఘాలకి అన్నిటికంటే ఎక్కువ పని పడేది బ్యాంకుతో. కాబట్టి దాని కథ కాస్త వివరంగా చెబుతాను. మన జిల్లాకి బ్యాంకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1969లో కేంద్రం 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసింది. 1980లో చేసిన ఇంకో ఆరింటిలో ఆంధ్రా బ్యాంకు ఉంది. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, మనలో చాలామంది పాస్‌బుక్కులు మార్చుకున్నాం. జాతీయం చేశాక పల్లెల్లో బ్రాంచీలు పెరిగాయి, అప్పటిదాకా బ్యాంకు మెట్టు ఎక్కనివాళ్లు ఎక్కారు. అక్కడే గొడవ మొదలైంది. గల్లా ఉన్నవాళ్లతో మాట్లాడడం అలవాటైన సిబ్బందికి, వేలిముద్ర వేసే మనిషితో ఎలా మాట్లాడాలో తెలియలేదు.

ఈ ఫిర్యాదులు ఎక్కువయ్యే 1975లో ప్రభుత్వం ఆర్.కె.తల్వార్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1990లో రిజర్వు బ్యాంకు ఎం.ఎన్.గోయిపోరియా గారితో ఇంకో కమిటీ వేసింది, వాళ్ల నివేదిక 1991లో వచ్చింది. ఇద్దరూ స్టేట్ బ్యాంకు ఛైర్మన్లుగా చేసినవాళ్లే. అంటే లోపలి సంగతి తెలిసినవాళ్లు. ఇలాంటి కమిటీల మాటలే తర్వాత రిజర్వు బ్యాంకు ఉత్తర్వుల్లోకి వచ్చాయి. అవి చదివితే ఎంత చిన్న విషయాలో అనిపిస్తుంది. పని వేళకి పావుగంట ముందే సిబ్బంది సీట్లో ఉండాలి. పని వేళలో ఏ కౌంటరూ ఖాళీగా ఉండకూడదు. టైము ముగిసేలోపు హాల్లోకి వచ్చిన ప్రతి ఒక్కరి పనీ చేసి పంపాలి. ఫొటో, పేరు ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి. బోర్డులు ఆ ప్రాంతం భాషలో కూడా ఉండాలి. పాస్‌బుక్కులో రాసింది చదవడానికి వీలుగా ఉండాలి. చదువు రానివాళ్లకి షరతులు నోటితో చెప్పాలి.

ఇవి చిన్నవి కావు. పేరున్న బ్యాడ్జి అంటే, రేపు మనం ఫిర్యాదు చేయాల్సి వస్తే "ఆ కళ్లజోడాయన" అనక్కర్లేదు. హాల్లో ఉన్నవాళ్లని వెనక్కి పంపకూడదు అంటే, ఒక కూలి మనిషికి ఇంకో రోజు కూలి పోకుండా ఆగినట్టు. రూలు రాసినవాళ్లకి ఇది తెలుసు అనుకుంటాను.

ఇక్కడ ఒక పిట్టకథ. చాలా బ్యాంకుల్లో గాంధీగారి బొమ్మ, పక్కనే ఖాతాదారుడు మన దగ్గరికి వచ్చే ముఖ్యమైన అతిథి అనే అర్థం వచ్చే బోర్డు ఉంటుంది. ఆ మాట ఆయన రచనల్లో ఎక్కడా దొరకలేదని వెతికినవాళ్లు చెబుతారు. గాంధీగారు అన్నా అనకపోయినా, గోడ మీద బోర్డు కంటే టైముకి సీట్లో మనిషి ఉండడమే మనకి కావాలి.

రూల్స్ వచ్చిన ఆ రోజుల్లోనే మనమూ వచ్చాం. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం చేసింది. 1993లో రిజర్వు బ్యాంకు, రిజిస్టరు కాని పొదుపు సంఘం పేరు మీద కూడా సేవింగ్స్ ఖాతా తెరవొచ్చు అంది. 2000లో సెర్ప్, వెలుగు వచ్చాయి. గ్రామ సంఘం, మండల సమాఖ్య కట్టుకున్నాం. ఒక్కసారిగా బ్యాంకు హాలు నిండా చీరలే. పెద్ద సభ్యులు చెబుతుంటారు: మొదట్లో సంఘం ఖాతాకి వెళితే "మగవాళ్లెవరూ రాలేదా?" అని అడిగేవాళ్లట. కుర్చీలు ఖాళీగా ఉన్నా వరండాలో కింద కూర్చునేవాళ్లట. తీర్మానంలో ఒక సంతకం తేడా ఉందని ముగ్గురు లీడర్లని మూడుసార్లు తిప్పిన రోజులున్నాయి. ఏ బ్యాంకు అని రాయను, అప్పట్లో అన్నిచోట్లా అంతే.

దానికి మనవైపు నుంచి వచ్చిన జవాబు బ్యాంకు మిత్ర. సంఘంలోనే చదువుకున్న ఒక అమ్మాయి బ్రాంచిలో కూర్చుని వోచర్లు నింపడం, తీర్మానాలు సరిచూడడం, ఏ సంఘం కంతు ఆగిందో చూసి కబురు పెట్టడం. ఇది బ్యాంకుకీ లాభమే, వసూళ్లు సక్రమంగా వచ్చాయి. నా ఉద్దేశంలో మన జిల్లాలో కౌంటరు మర్యాద మారడానికి కమిటీ నివేదికలు ఎంత కారణమో ఈ బ్యాంకు మిత్రలూ అంతే కారణం. కౌంటరు పక్కన మన మనిషి ఉంటే, "రేపు రా" అనే మాట అంత తేలిగ్గా రాదు. కంతులు సక్రమంగా కట్టిన చరిత్ర కూడా మనకి కుర్చీ వేయించింది. ఈ సంగతి దాచక్కర్లేదు.

మిగతా ఆఫీసుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏ పని ఎన్ని రోజుల్లో చేస్తారో రాసి గోడకి పెట్టే పద్ధతిని 1991లో బ్రిటన్ ప్రభుత్వం పౌర పత్రం పేరుతో తెచ్చింది. మన దేశంలో 1997 ముఖ్యమంత్రుల సమావేశంలో దాన్ని ఒప్పుకున్నారు. 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు. సచివాలయంలో కూర్చున్నవాళ్లలో చాలామంది మన పిల్లల వయసువాళ్లే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ముప్పై ఏళ్లలో మనం కూడా బల్లకి అటువైపు చేరాం. గ్రామ సంఘం సహాయకురాలు మన మనిషి. సమాఖ్య ఆఫీసు మనది, సీసీలతో మనకి రోజూ పని. ఆ ఆఫీసుకి వచ్చే ముసలమ్మకి, 1993లో బ్యాంకు వరండాలో కూర్చున్న మనిషికి తేడా ఏంటి? డబ్బు కట్టి రసీదు అడిగితే "మీద నమ్మకం లేదా పిన్నీ" అనే మాట మనవాళ్ల నోట విన్నాను. నమ్మకం వేరు, రసీదు వేరు. ఒక సభ్యురాలి బాకీ పదిమందిలో గట్టిగా చదవడం కూడా చూశాను. 2014లో రిజర్వు బ్యాంకు ఖాతాదారుల హక్కుల పత్రం ఇచ్చింది. అందులో సమానంగా చూడడం, గోప్యత, ఫిర్యాదు వినడం హక్కులుగా రాశారు. బ్యాంకుని మనం అడిగేది అదే కదా.

"మీరు" అనాలా, "నువ్వు" అనాలా అనే పేచీ కూడా ఉంది. మన వైపు అత్తని, పిన్నిని నువ్వు అనే పిలుస్తాం, అందులో అవమానం లేదు. కానీ కారులో దిగినామెని మీరు అని, పక్కనే ఉన్న కూలి మనిషిని నువ్వు అంటే మాత్రం అది ప్రేమ కాదు, తేడా చూపించడం. ఇంకోటి కూడా చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి సహాయకురాలి ఇంటికెళ్లి కేకలేసే సభ్యులున్నారు. ఆమె ఇచ్చే గౌరవ వేతనానికి ఆ కేకలు కలపలేదు.

బ్యాంకుతో ఇబ్బంది వస్తే ముందు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఖర్చు ఉండదు. వివరాలకి 14448కి ఫోను చేయొచ్చు. మన ఆఫీసుకైతే అంబుడ్స్‌మన్ లేరు. అందుకే వచ్చే మహాసభలో మా సంఘం తరఫున ఒక తీర్మానం పెడుతున్నాం: కట్టిన ప్రతి రూపాయికీ అడగకుండానే రసీదు, బాకీ వివరాలు ఆ మనిషికే విడిగా చెప్పడం, సభ్యులూ సిబ్బందీ ఇద్దరూ రాసుకునే ఒక ఫిర్యాదుల పుస్తకం ఆఫీసు బల్ల మీద, ఈసీ సమావేశంలో ప్రతి నెలా దాన్ని చదవడం. మీ సంఘాల్లో ముందే మాట్లాడుకుని రండి.