నేలలో కలిసిన సాక్ష్యం

మోటారు కాలిపోతే మోటారునే కోర్టుకు తేవచ్చు. మిరప నారు మొలవకపోతే రైతు చేతిలో మిగిలేది ఖాళీ ప్యాకెట్టు, అదృష్టముంటే బిల్లు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో విత్తనాల కేసుల చిక్కంతా ఇక్కడే ఉంది. బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివి నల్లకోటు వేసుకున్న నాకు ఈ కేసుల చరిత్రలో కనిపించేది ఒకటే తగువు: పరీక్ష ఎవరు చేయించాలి?

1966 విత్తన చట్టం ప్రకారం ప్యాకెట్టు మీద మొలకశాతం, స్వచ్ఛత వేయాలి. తప్పితే ఇన్‌స్పెక్టరు కేసు పెడతాడు, అమ్మినవాడికి శిక్ష పడుతుంది. పోయిన పంటకు మాత్రం రైతుకు పైసా రాదు. పరిహారానికి దారి 1986 వినియోగదారుల చట్టంతో తెరుచుకుంది. 1987-88లో తెల్లదోమ ఈ ప్రాంతపు పత్తిని తుడిచిపెట్టింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పంట పోయిందంటే తప్పు విత్తనానిదా, మందుదా, కాలానిదా అని తేల్చాల్సిన అవసరం ఎంతటిదో ఆ ఏడాది చూపించింది.

రైతులు ఫిర్యాదులకు దిగితే కంపెనీలు ఆ 1986 చట్టంలోని 13(1)(సి)ని పట్టుకున్నాయి. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే నమూనాను ల్యాబ్‌కు పంపాలని అందులో ఉండేది.

"విత్తనాలేవయ్యా?" అని అడిగితే రైతు ఏం చెబుతాడు? "నారుమడిలో చల్లేశాం కదండీ!"

1998లో మహికో కంపెనీ పొద్దుతిరుగుడు విత్తనాల కేసులో సుప్రీంకోర్టు ఈ జవాబును మన్నించింది. విత్తనాలన్నీ చల్లేసిన రైతు నమూనా ఎక్కడినుంచి తెస్తాడంది. కంపెనీ కూడా పరీక్ష కోరలేదని ఎత్తిచూపింది. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో ఈ మాట ఇంకా గట్టిపడింది. ఆ అప్పీళ్లలో గుంటూరు జిల్లా వినియోగదారుల ఫోరం నుంచి వెళ్లినవీ ఉన్నాయి. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, విత్తన చట్టం అతనికి అడ్డు కాదు, అదే లాటు విత్తనాలు కంపెనీ దగ్గరుంటే పరీక్ష కంపెనీయే చేయించుకోవచ్చు అని కోర్టు తేల్చింది.

అయినా రుజువు దానంతటది నడిచిరాదు. వాన, తెగులు, ఎరువు అంటూ ఎదుటి లాయరు కారణాలు పేరుస్తాడు. నేను పక్క పొలానికి వెళ్తాను. అదే నేల, అదే నీరు, అదే వారంలో నాట్లు, లాటు మాత్రం వేరు. అక్కడ పైరు బాగుంటే ఆ సాకులు చాలావరకు రాలిపోతాయి. పైరు నిలిచి ఉండగానే వ్యవసాయాధికారి, శాస్త్రవేత్త వచ్చి చూసి రాసిన నివేదిక ఉంటే కేసుకు కాళ్లొస్తాయి.

లాయర్లు కూడా తరచూ వదిలేసే ముక్క 1968 విత్తన నిబంధనల్లో ఉంది. విత్తనాలు అమ్మేవాళ్లు అమ్మిన ప్రతి లాటు వివరాలనూ 3 ఏళ్లు దాచాలి. నమూనాను మాత్రం లాటంతా అమ్ముడయ్యాక ఏడాది దాటితే పారేయొచ్చు. వినియోగదారుల ఫిర్యాదుకు గడువేమో 2 ఏళ్లు. గడువుంది కదా అని రెండో ఏడు వచ్చే రైతుకు హక్కు ఉంటుంది, నమూనా ఉండకపోవచ్చు. అందుకే కేసు చేతికి రాగానే నేను వేసే మొదటి పిటిషన్ నష్టపరిహారం లెక్కలతో మొదలవదు. ఆ లాటు నమూనాను కోర్టు ముందుంచమని అడుగుతుంది.